తొంభై ఎనిమిది మీటర్లు

పోయిన వారం దౌడుని టౌన్ ప్లానింగ్ ఆఫీసు మెట్ల మీద వదిలాం. ఒక చేతిలో ఫైలు, భుజాన గోనెసంచి, ఎదురుగా బావగారు. "ఈ ఒక్కసారికి నా మాట విని అర్జీ వెనక్కి తీసుకో, పరువుగా బయటపడతావు" అని ఆయన దారికి అడ్డం నిలబడితే, "నా పరువు నేను చూసుకుంటాను బావగారూ, మీరు ముందు పక్కకి జరగండి" అని దౌడు ఆయన్ని ఒరుసుకుంటూ పైకెక్కేసింది.

కొత్తగా చదువుతున్నవాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. రేసుకోర్సులో పంతొమ్మిదేళ్లపాటు గుర్రాలకి ట్రాక్ మీద తర్ఫీదిచ్చే పని చేసింది కాబట్టి అక్కడివాళ్లు ఆమెకి పెట్టిన పేరు దౌడు. చివరికి ఇంట్లోవాళ్లకీ అదే అలవాటైపోయింది. నలభై మూడేళ్ల మనిషి. పరుగు తగ్గిన, పనికిరావన్న గుర్రాలని ఎవరికి పడితే వాళ్లకి తోలేస్తుంటే చూడలేక, నాలుగింటిని తను తెచ్చుకుంది. గుర్రాలకి నాడాలు కొట్టే మేస్త్రిగా బతికిన తండ్రి ఆమెకి వదిలి వెళ్లింది పాత ఇటుకబట్టీ స్థలం మూడెకరాలు. అందులో గుర్రపుస్వారీ నేర్పే బడి పెట్టాలని దౌడు పట్టు పట్టింది. చిక్కల్లా ఏమిటంటే, ఆ స్థలానికి ఆనుకునే కాలనీ ఉంది. కాగితాల మీద ఈ స్థలమూ నివాస ప్రాంతమే. దాన్ని క్రీడల కిందకి మారిస్తే తప్ప అక్కడ గుర్రపు పాక వెయ్యడానికి లేదు. మార్చకూడదని కాలనీ సంఘం ఎదురు తిరిగింది. ఆ సంఘానికి కార్యదర్శి వేరే ఎవరో కాదు, దౌడుకి స్వయానా అక్క మొగుడు. ఆ మూడెకరాల్లో ఫ్లాట్లు లేపాలని ఆయనకి ఎప్పట్నుంచో ఉంది. ఇక గుర్రాలు నాలుగూ ప్రస్తుతం కాలువ అవతల, వాటికి దాణా పోసి చూసుకునే ముసలాయన దాణా తాత పాకలో తలదాచుకుంటున్నాయి. ఆ పాక నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.

విచారణ పదకొండింటికి.

రెండో అంతస్తులో పొడుగాటి హాలు. చివర బల్ల వెనక ప్లానింగ్ ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. రిటైరవడానికి ఏడాదిన్నర ఉన్న మనిషి. ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా ఒక కట్ట మీద స్టాప్లరు, ఒక కట్ట మీద టిఫిన్ డబ్బా మూత పెట్టుకుంది. ఎవరు లోపలికొచ్చినా తలెత్తి చూడదు. కుర్చీ చప్పుడు చేస్తే మాత్రం చూస్తుంది.

కాలనీవాళ్లు నలభై మంది దాకా వచ్చారు. ఎడమవైపు కుర్చీలన్నీ వాళ్లవే. కుడివైపు దౌడు ఒక్కతే. ఆమె వెనక కుర్చీలో దాణా తాత, ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. కాలనీవాళ్లలో అయిదో వరసలో అక్క ఉంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, దాని జిప్పు తీస్తూ వేస్తూ ఉంది. దౌడు వైపు చూడలేదు.

"అభ్యంతరాలు ఒక్కొక్కటే చదువుతాను. అర్జీదారు ఒక్కొక్కదానికే జవాబు చెప్పాలి. కథలొద్దు" అంది ఆఫీసరమ్మ. "మొదటిది. దుర్వాసన, ఈగలు. రాసింది ఎవరు?"

పళ్ల డాక్టరు లేచాడు. కాలనీలో మొదటి వీధి, మూలమీద ఇల్లు. గొంతు పెద్దది. "నేనే మేడమ్. పేషెంట్లు నోరు తెరుచుకుని కూర్చునే చోటు మాది. అందులోకి ఈగలు వెళ్తే ఎవరిది బాధ్యత? ఒక్కో గుర్రం రోజుకి ఎంత పేడ వేస్తుందో ఈవిణ్ణి చెప్పమనండి!"

"పేడ కాదు డాక్టరుగారూ, లద్ది" అంది దౌడు లేస్తూ. "ఒక్కోటి రోజుకి ఇరవై కిలోలు వేస్తుంది. మీరు ఇంకాస్త తక్కువనుకుని ఉంటారు, నేనే చెప్పేస్తున్నాను. పొద్దునోసారి, సాయంత్రమోసారి ఎత్తేస్తాం. మూత ఉన్న గోతిలో పడుతుంది. మూడు నెలలు మాగితే ఇదిగో, ఇలా అవుతుంది."

గోనెసంచి మూతి విప్పి బల్ల ముందు పెట్టింది. ఎడమవైపు కుర్చీలన్నీ ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. ఇద్దరు ముక్కుకి రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు.

ఆఫీసరమ్మ మాత్రం కుర్చీలోంచి వంగి చూసింది. ఇంకొంచెం వంగింది. "తడిమట్టి వాసనలా ఉందే" అంది.

"అంతే మేడమ్. కావాలంటే డాక్టరుగారి భార్యని అడగండి. నెలకి రెండు సంచులు దాణా తాత దగ్గర్నుంచి తెప్పించుకుంటారు. వాళ్లింటి ముందు గులాబీలు చూడ్డానికి పక్క వీధుల వాళ్లు కూడా వస్తారు."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరు పక్కన కూర్చున్న భార్య కొంగు సర్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూడసాగింది.

"అది... అది గుర్రాలదని నాకు తెలీదు!" అన్నాడు డాక్టరు.

"వాసన రాలేదుగా మరి, ఎలా తెలుస్తుంది?" అన్నాడు దాణా తాత వెనక నుంచి. ఆయన ఆ హాల్లో మాట్లాడిన మాట అదొక్కటే.

ఆఫీసరమ్మ నవ్వలేదుగానీ కలం పెదవుల మీద ఆనించుకుని ఒక క్షణం ఆగింది. తర్వాత టిక్కు పెట్టింది. "రెండోది. శబ్దం."

మ్యూజిక్ టీచరు లేచింది. గుర్రాలు సకిలిస్తే తన విద్యార్థుల శ్రుతి చెడిపోతుందట.

"కాలనీలో ముప్పై నాలుగు కార్లున్నాయండీ. అన్నిటికీ హారన్లున్నాయి. పొద్దున్నే ఎనిమిదింటికి అన్నీ ఒక్కసారే మోగుతాయి. నా గుర్రాలు రోజుకి రెండుసార్లు సకిలిస్తాయి, దాణా బకెట్టు చప్పుడు వినిపించినప్పుడు. ఆకలేసి అరిచినవాళ్లని తప్పు పట్టడం నా వల్ల కాదు" అంది దౌడు.

"కథలొద్దన్నాను."

"సరే మేడమ్. రెండుసార్లు. ఒక్కోసారి అర నిమిషం."

మూడోది, గుర్రం తాడు తెంపుకుని వీధిలోకి వస్తే పిల్లల గతేమిటని. ఆ ప్రశ్న అడిగింది ఒక తల్లి. ఆమె గొంతులో వెటకారం లేదు, నిజంగానే భయం ఉంది. అందుకని దౌడు ఆమెకి నెమ్మదిగా జవాబు చెప్పింది. అయిదడుగుల కంచె, లోపల ఇంకో కంచె, రెండు గేట్లూ ఒకేసారి తెరుచుకోకుండా ఏర్పాటు. ప్లాను కాగితం తీసుకెళ్లి ఆమె ముందు పరిచి, వేలితో చూపించింది. "మీ పిల్లకి ఎన్నేళ్లండీ?"

"ఎనిమిది."

"భయపడుతుందా?"

"భయపడేది నేనే. అది రోజూ ప్రహరీ ఎక్కి మీ గుర్రాల కోసం చూస్తుంది" అని ఆ తల్లి ఒప్పుకుంది.

ఆ మాటకి ఎడమవైపు కుర్చీల్లో కాస్త కదలిక వచ్చింది. కొందరు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. బావగారు అది గమనించాడు. ఇలాంటివి ఆయన కంట్లో పడకుండా పోవు. అప్పటిదాకా మొదటి వరసలో కాలు మీద కాలేసుకుని, మిగతావాళ్లని ముందుకి తోసి చూస్తున్న మనిషి, మెల్లగా లేచాడు.

"మేడమ్, ఇవన్నీ చిల్లర విషయాలు. మా మరదలు మాటకారి. చిన్నప్పట్నుంచీ అంతే, నోట్లో నువ్వుగింజ నానదు. మా ఇంట్లో పిల్ల కాబట్టి నేను ఇన్నాళ్లూ ఊరుకున్నాను. కానీ రూలు రూలే కదా. గుర్రపు పాకకీ, దగ్గర్లో ఉన్న ఇంటికీ మధ్య కనీసం వంద మీటర్లు ఉండాలని మీ నిబంధన. అవునా?"

"అవును. అర్జీలో నూట రెండున్నర అని రాసి ఉంది."

"తప్పు రాసింది. లైసెన్సున్న సర్వేయరు చేత కొలిపించాను." మడత పెట్టిన పెద్ద కాగితం బల్ల మీద విప్పాడు. "తొంభై ఎనిమిది."

దౌడు బల్ల దగ్గరకి వెళ్లి చూసింది. స్థలం గరిటె ఆకారంలో ఉంటుంది. గరిటె గుండ్రటి కొస కాలువ వైపు. కాలువకి ముప్పై మీటర్లు వదలాలని ఇంకో రూలు. అటు ముప్పై, ఇటు వంద వదిలితే పాకకి సరిగ్గా సరిపోయేంత జాగా మిగులుతుంది. ఆ పాకని ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకోవడానికి ఆమె నాలుగు నెలలు టేపు పట్టుకుని తిరిగింది. ఒక్క మీటరు కూడా జరపడానికి లేదని ఆమెకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

సర్వేయరు గీసిన ఎర్రగీత పాక నుంచి బయల్దేరి కాలనీలో చివరి ఇంటి వెనకగోడకి తగులుతోంది. ఆ ఇల్లు అక్కది. గీత తగిలిన చోట నాలుగున్నర మీటర్ల చిన్న చదరం. దాని మీద 'పడకగది' అని రాసి ఉంది.

అమ్మ గది.

పోయినేడు కట్టించాడు బావగారు. అంతకుముందు ఆ ఇంటికి వెనక ఏమీ లేదు, బట్టలారేసుకునే తీగ తప్ప. దౌడు టేపుతో కొలిచింది అప్పుడే. కట్టేటప్పుడు దౌడు ఒకసారి అడిగింది, పర్మిషను తెచ్చారా బావగారూ అని. "మన ఇంటి వెనక మనం గోడ కట్టుకోడానికి ఒకళ్ల పర్మిషనేంటి?" అని నవ్వాడాయన. ఆ మాట ఇప్పుడు ఆమెకి స్పష్టంగా గుర్తొచ్చింది. ఒక్క వాక్యం చాలు. ఆ గదికి అనుమతి ఉందా అని అడిగితే చాలు, ఎర్రగీత నాలుగున్నర మీటర్లు వెనక్కి పోతుంది.

గది కూడా పోతుంది.

"అర్జీదారు ఏమంటారు? ఈ కొలత మీద మీరు చెప్పేదేమైనా ఉందా?" అంది ఆఫీసరమ్మ.

దౌడు నోరు తెరిచింది. పంతొమ్మిదేళ్లలో ఆమె ఎక్కిన గుర్రాల్లో కొరికినవి, తన్నినవి, ఎత్తి కుదేసినవి ఎన్నో ఉన్నాయి. దేని దగ్గరా ఆమె కళ్లెం వదల్లేదు. అలాంటిది, బావగారి మొహం చూసి ఆగిపోయింది. ఆయన తాపీగా, దాదాపు జాలిగా చూస్తున్నాడు. ఈ మనిషి అంతా తెలిసే ఇక్కడికొచ్చాడు. నేను అడగలేనని తెలిసే వచ్చాడు, అనుకుంది.

"కొలత సరిగ్గానే ఉంది మేడమ్" అంది.

"అంటే?"

"కొలత సరిగ్గా ఉందన్నాను. రూలు మార్చమని మాత్రం అడుగుతాను. ఇవాళ కాకపోతే రేపు, మీ దగ్గర కాకపోతే మీ పైవాళ్ల దగ్గర అడుగుతాను. రెండు మీటర్ల కోసం నాలుగు ప్రాణాలని రోడ్డు మీద నిలబెట్టమంటే నిలబెట్టను. అర్జీ వెనక్కి తీసుకోను. కొట్టేస్తే కొట్టెయ్యండి."

ఆఫీసరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆవిడకి ఏదో అర్థమవుతున్నట్టూ, అర్థమైందని పైకి అనకూడనట్టూ ఉంది. కళ్లజోడు పెట్టుకుని, ఫైలు మొదటి పేజీకి తిప్పి, కలం మూత తీసింది.

"మేడమ్."

అయిదో వరసలోంచి వచ్చిందా మాట. అందరూ వెనక్కి తిరిగారు.

అక్క లేచి నిలబడింది. హ్యాండ్‌బ్యాగు కింద పడింది, తీసుకోలేదు. "మా ఇంటి వెనక కట్టిన గదికి పర్మిషన్ లేదు" అంది.

బావగారు వెంటనే నవ్వాడు. "మా ఆవిడకి ఇవన్నీ తెలియవు మేడమ్. నువ్వు కూర్చో."

"ఇరవై ఆరేళ్లుగా కూర్చునే ఉన్నానండీ" అంది అక్క. "మేడమ్, మా అమ్మ ముందుగదిలో ఉండేది. వీధి కనిపించే గది. పొద్దున్న లేస్తే వచ్చేపోయే వాళ్లందరితో కబుర్లు చెప్పుకునేది. మా చెల్లెలు ఒక ఆదివారం మా ఇంట్లో భోంచేస్తూ ఈ స్వారీ బడి సంగతి మొదటిసారి చెప్పింది. మంగళవారం ఈయన మీ ఆఫీసుకొచ్చి రూల్సు కనుక్కున్నారు. బుధవారం పొద్దున్న వెనక పునాది తవ్వారు. మేస్త్రితో ఫోన్లో చెప్తుంటే నేను విన్నాను. 'గది ఎలాగైనా ఉండనీ, నాలుగున్నర మీటర్లకి మాత్రం తగ్గకూడదు' అన్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు. మా అమ్మ కోసం పెద్ద గది కట్టిస్తున్నారని పొంగిపోయాను. అందరికీ చెప్పుకున్నాను కూడా." ఆమె ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు ఆ కొలత చెవినపడ్డాక అర్థమైంది."

"పిచ్చి మాటలు!" బావగారి మెడ ఎర్రబడింది. "ఇంటి పరువు వీధిలో పెడుతున్నావు, తెలుస్తోందా?"

"మా అమ్మని మీరు ఎక్కడ పెట్టారో తెలుస్తోంది" అంది అక్క.

డాక్టరు ఏదో అనబోయాడు. భార్య ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

ఆఫీసరమ్మ కలం కింద పెట్టింది. "అనుమతి లేని కట్టడం నుంచి నేను దూరం కొలవను. ఆ గది లేదనుకుంటే నూట రెండున్నర. కానీ అనుమతి లేదని నా ముందు నలభై మంది వినగా చెప్పాక, దాన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యడమూ కుదరదు." ఆవిడ అక్క వైపు చూసింది. గొంతు కొంచెం తగ్గించింది. "అమ్మా, మీరు చెప్పింది రాసుకుంటే ఆ గదికి కూల్చివేత నోటీసు వెళ్తుంది. తెలుసుగా?"

అక్క ఒక్కసారి దౌడు వైపు చూసింది. ఆ ఉదయమంతా చూడలేదు, ఇప్పుడు చూసింది. "రాసుకోండి" అంది.

"రేపు పదింటికి నేనే వచ్చి చూస్తాను. ఆ గదిలో ఉంటున్న ఆవిడ వాంగ్మూలం కూడా కావాలి. ఆవిడ అక్కడ ఎప్పట్నుంచి ఉంటున్నారు, ఎవరు ఉండమన్నారు, ఖాళీ చెయ్యడానికి ఒప్పుకుంటున్నారా లేదా. ఆవిడ అభ్యంతరం చెబితే మాత్రం ఈ అర్జీ, ఆ గది, రెండు ఫైళ్లూ పై ఆఫీసుకి పోతాయి. అక్కణ్ణుంచి రావడానికి ఆర్నెల్లు పట్టచ్చు, ఏడాదీ పట్టచ్చు." స్టాప్లరు తీసి ఇంకో కట్ట మీద పెట్టింది. "ఇవాల్టికి అంతే."

బావగారు గబగబా మెట్లు దిగిపోయాడు. కింద కారు తలుపు వేసిన చప్పుడు రెండో అంతస్తు దాకా వినిపించింది.

వరండాలో మంచినీళ్ల ఫిల్టరు దగ్గర అక్కచెల్లెళ్లు ఇద్దరూ నిలబడ్డారు. అక్క రెండు గ్లాసులు గడగడా తాగి, మూడోది మొహం మీద చల్లుకుంది.

"నువ్వెందుకు నోరు మూసుకున్నావే?" అంది. "ప్రపంచంలో అందరి మీదా లేస్తావు. అడగాల్సిన చోట అడగవా?"

"అమ్మ గది కదా అక్కా."

"నీకొక్కదానికే అమ్మా?"

దౌడుకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లల్లో నీళ్లొచ్చాయి. అక్క పమిటతో చెల్లెలి మొహం తుడవబోయి, తన మొహం తుడుచుకుంది. "పద, ఆయన వెళ్లేలోపల మనం వెళ్లాలి. ఈ సంగతి అమ్మకి ఆయన నోటి వెంట తెలియకూడదు" అంది.

ఇద్దరూ ఆటో ఎక్కారు. దారంతా అక్క ఏమేం చెప్పాలో అనుకుంటూ వచ్చింది. మళ్లీ ముందుగదిలోకి మార్చేస్తామని చెబుదాం. అసలు ఆయన ఆ ఇంట్లో ఉండనిస్తారో లేదో కదా, అప్పుడేం చెబుదాం? దౌడు తన రెండు గదుల వాటా గురించి చెప్పింది. మెట్లు ఎక్కువ, అమ్మ మోకాళ్లు ఒప్పుకోవని అక్క అంది. ఇలా ఇద్దరూ అమ్మని ఒకచోట నుంచి ఇంకోచోటికి మారుస్తూనే ఇంటికి చేరారు.

కారు ఇంకా రాలేదు. బావగారు దారిలో ఎక్కడో ఆగినట్టున్నాడు.

అమ్మ తన గదిలో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని దిండు గలీబుకి కుట్టూడిన చోట కుట్టు వేస్తోంది. డెబ్భై మూడేళ్లు. సూదిలో దారం ఇప్పటికీ కళ్లజోడు లేకుండా ఎక్కిస్తుంది. కూతుళ్లిద్దరూ కలిసి రావడం చూసి సూది గలీబుకి గుచ్చి పక్కన పెట్టింది.

అక్క చెప్పడం మొదలెట్టి మధ్యలో తడబడింది. మిగతాది దౌడు చెప్పింది. కొలత, ఎర్రగీత, నాలుగున్నర మీటర్లు, నోటీసు, రేపు పదింటికి ఆఫీసరమ్మ రావడం. ఏదీ దాచలేదు. చెప్పడం అయ్యాక అమ్మ గోడ మీద చెయ్యి వేసి, సున్నం పెచ్చు ఒకటి గోటితో గీకింది.

"అయితే అల్లుడు ఈ గది నాకోసం కట్టలేదన్నమాట."

ఇద్దరూ తలలు దించుకున్నారు.

"అతను గుర్రాలని ఆపడానికి నన్నిక్కడ కూర్చోబెట్టాడు. నువ్వేమో" అని పెద్దకూతురి వైపు తిరిగింది, "చెల్లెలి కోసం నా గది కూల్చమని నలుగురిలో చెప్పొచ్చావు. ఇదేమో నా గది నిలబెట్టడానికి నోరు మూసుకుని, అక్కడ పెద్ద త్యాగం చేసొచ్చింది. బాగుంది. ముగ్గురిలో ఒక్కళ్లయినా నన్నడిగారా?"

అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నేనేమన్నా ట్రంకుపెట్టెనా? ఇక్కడ పెట్టు, అక్కడ పెట్టు, అడ్డమొస్తే తీసెయ్ అనడానికి? రేపు ఆవిడొస్తే ఏం చెప్పాలో మీరెవరూ నాకు నేర్పక్కర్లేదు. నా నోటితో నేను చెప్పుకోగలను."

"ఏం చెప్తావమ్మా?" అంది దౌడు.

"ముందు నువ్వు చెప్పు." అమ్మ కిటికీ వైపు చూపించింది. ప్రహరీకి అవతల కాలిబాట, దానికవతల బట్టీ స్థలం. "నెల రోజులుగా ఆ ముసలాయన పొద్దున్నే మీ గుర్రాలని ఈ బాటలో నడిపించుకుపోతున్నాడు. నాకిక్కడ వేరే పనేముంది? చూస్తూ ఉంటాను. మూడింటిని నేనెరగను. నాలుగోదుంది చూడు, నల్లది. నుదుటి మీద నుంచి ముక్కు దాకా తెల్లచార. సగం దాకా తిన్నగా వచ్చి ఎడమకి వంకర తిరుగుతుంది."

దౌడు కిటికీ చువ్వ పట్టుకుంది.

"అలాంటి చార ఇంతకుముందు ఒక్క గుర్రానికే చూశాను. మీ నాన్న దానికి వెనకకాలు నాడా కొడుతున్నప్పుడు, నేను అన్నం క్యారేజీ పట్టుకుని పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. అది తన్నిన తన్నుకి ఆయన లేచి గోడకి తగిలాడు. నడుం విరిగింది. రెండేళ్లు మంచం మీద పెట్టి చాకిరీ చేశాను. నువ్వప్పుడు నీ ట్రాకుల మీద పరుగులు పెడుతున్నావు. ఇదిగో, ఇది సెలవు పెట్టుకుని వచ్చేది" అని పెద్దకూతురిని చూపించింది. "మీ నాన్నని అక్కణ్ణుంచి మోసుకెళ్లిన రోజు నుంచీ, పదకొండేళ్లు, నేను ఏ గుర్రాన్నీ దగ్గరకి వెళ్లి చూడలేదు."

"అమ్మా, అది..."

"అది దాని పిల్లేనా?"

అక్క నోరు తెరుచుకుని చెల్లెలి వైపు చూసింది. ఆమెకి ఈ సంగతి తెలియదు. దాణా తాతకి తప్ప ఎవరికీ తెలియదు. అబద్ధం చెప్పడానికి దౌడుకి కావలసినంత సందు ఉంది. నల్లగుర్రాలు లోకంలో ఎన్ని లేవు, తెల్లచారలు ఎన్ని లేవు? రేపు పదింటి దాకా ఈ ఒక్క మాట దాటేస్తే చాలు, అనుమతి చేతికొస్తుంది.

"దాని పిల్లే" అంది దౌడు. తల దించలేదు. "నాన్న పడ్డ మరుసటేడు పుట్టింది. తల్లి చేసినదానికి దీన్ని ఎవరూ ఎక్కలేదు, ఎవరూ కొనలేదు. దాన్ని కబేళాకి తోలుతున్న రోజున నేను వెళ్లి తెచ్చుకున్నాను. తెలిసే తెచ్చుకున్నానమ్మా. మళ్లీ ఆ రోజొస్తే మళ్లీ తెచ్చుకుంటాను. నువ్వు ఒద్దంటే బడి మానేస్తానేమో గానీ, దాన్ని మాత్రం వదల్ను."

బయట గేటు దగ్గర కారు ఆగింది. తలుపు వేసిన చప్పుడు. బావగారి అడుగులు వరండాలోకి వస్తున్నాయి.

అమ్మ చిన్నకూతురి మొహం లోకి చూసింది. కోపమో, మరింకేదో, ఆ చూపులో ఏముందో కూతుళ్లిద్దరికీ అంతుపట్టలేదు. తర్వాత కుర్చీ చేతుల మీద బరువు వేసి, మోకాళ్లు పట్టేస్తున్నా ఎవరి సాయమూ తీసుకోకుండా లేచింది. మంచం కింద కాలితో వెతికి చెప్పులు బయటికి లాగింది.

"అత్తయ్యా!" హాల్లోంచి బావగారి గొంతు. "మీతో ఒక ముఖ్యమైన మాట మాట్లాడాలి. వాళ్లేం చెప్పినా నమ్మకండి!"

అమ్మ హాలు వైపు తలుపుకి గడియ పెట్టేసింది. పెరటి వైపు తలుపు తీసింది.

"పద. కాలువ దాటి ఎంత దూరమైతే అంత దూరం, ఎంత సేపైతే అంత సేపు. నడిపించు నన్ను" అంది దౌడు చెయ్యి పట్టుకుని. "దాని మొహం ముందు నేను నిలబడి చూడాలి. ఈ గది ఉండాలో, ఆ గుర్రం ఉండాలో అప్పుడు చెప్తాను."